ఓర్వకల్లు నుంచి కడపకు: గాలిలో ఎంత, నేల మీద ఎంత?

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. ఓర్వకల్లులో ఉన్న కర్నూలు విమానాశ్రయానికీ కడప విమానాశ్రయానికీ మధ్య దూరమెంత, ఆ దూరాన్ని దాటడానికి ఎంత సేపు పడుతుంది, ఆ లెక్క ఎలా కట్టాలి అని నాలుగు ఊళ్ళ పాఠకులు అడిగారు. వాటిని విడదీయకుండా ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు దేవుని కడపలో జరిగిన మా ఇంటి పెళ్ళికి ఓర్వకల్లు దాకా విమానంలో వచ్చి, అక్కడి నుంచి కారు మాట్లాడుకున్నాడు. రెండు విమానాశ్రయాల మధ్య దూరం 149 కిలోమీటర్లని ఒక వెబ్‌సైటులో చూసి, నాలుగు వరుసల రోడ్డే కదా, రెండు గంటలలో చేరవచ్చని లెక్క వేసుకున్నాడు. ముహూర్తం దాటిన ముప్పావు గంటకు చేరాడు. ఇంటికి వచ్చిన తరువాత మేమందరం కూర్చుని వెతికితే, ఒకచోట 149 అని, మరొకచోట 190 అని, ప్రయాణ కాలం ఒకచోట 18 నిమిషాలని, ఇంకొకచోట 41 నిమిషాలని, వేరొకచోట మూడు గంటల పైన అని ఉంది. వీటిలో ఏది నిజం? – విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప

జవాబు: అయ్యా, మీరు చూసిన అంకెలన్నీ నిజమే. అయితే ఒక్కొక్క అంకె ఒక్కొక్క ప్రశ్నకు జవాబు. మీ మేనల్లుడు తనకు కావలసిన ప్రశ్నకు కాక వేరొక ప్రశ్నకు వచ్చిన జవాబును నమ్ముకున్నాడు. అందులో అతని తప్పు కన్నా, అంకె పక్కన 'ఇది గాలిలో దూరం' అన్న ఒక్క మాట స్పష్టంగా రాయని ఆ పేజీ తప్పే ఎక్కువ.

149 కిలోమీటర్లు అన్నది రెండు విమానాశ్రయాల మధ్య తిన్నగా గీసిన గీత పొడవు. కొండలు, నదులు, ఊళ్ళు ఏవీ లేవనుకొని, కాకి ఎగిరినట్టు ఎగిరితే వచ్చే దూరమది. పాత కొలతలో చెప్పాలంటే, ఆమడను ఎనిమిది మైళ్ళుగా తీసుకుంటే, ఇది పన్నెండు ఆమడలకు కొద్దిగా తక్కువ. ఓర్వకల్లులోని ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం కర్నూలు నుంచి నంద్యాల వైపు సుమారు 18 కిలోమీటర్ల దూరంలో ఉంటే, కడప విమానాశ్రయం కడప పట్టణానికి వాయవ్యంగా ఉంది. మొదటి దాని నుంచి రెండో దానికి గీసిన గీత దక్షిణ దిక్కుగా సాగుతూ కొద్దిగా తూర్పుకు ఒరుగుతుంది.

ఆ గీత వెంట రోడ్డు లేదు. ఉన్న రోడ్డు 40వ నంబరు జాతీయ రహదారి. పాత తరం వారికి ఇది 18వ నంబరు రహదారిగానే గుర్తుండి ఉంటుంది. ఓర్వకల్లు దాటిన తరువాత ఆ రహదారి తమ్మరాజుపల్లె ఘాట్ దిగి, పాణ్యం మీదుగా తూర్పుకు వంగి నంద్యాలకు పోతుంది. తిన్నటి గీతకు నంద్యాల దాదాపు 20 కిలోమీటర్లు తూర్పుగా ఉందన్న సంగతిని గమనిస్తే, మీ మేనల్లుడి లెక్కలో తేడా మొట్టమొదట ఎక్కడ వచ్చిందో తెలుస్తుంది. నంద్యాల నుంచి రోడ్డు దక్షిణానికి తిరిగి శిరివెళ్ళ, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు, ఖాజీపేట మీదుగా వచ్చి, చెన్నూరు దగ్గర పెన్న దాటి కడప చేరుతుంది. అక్కడి నుంచి విమానాశ్రయానికి మళ్ళీ పడమటి వైపు వెళ్ళాలి. ఇవన్నీ కలిపితే ఒక విమానాశ్రయం గేటు నుంచి ఇంకొక విమానాశ్రయం గేటు దాకా సుమారు 190 కిలోమీటర్లు వస్తుంది.

ఈ జవాబు రాయడానికి ముందు నేను ఒక చిన్న పని చేశాను. సెంటీమీటరుకు పది కిలోమీటర్ల కొలత ఉన్న పటాన్ని బల్ల మీద పరచి, ఓర్వకల్లు దగ్గర ఒక గుండుసూది, కడప దగ్గర ఒక గుండుసూది గుచ్చి, వాటి మధ్య తెల్లని నూలు పోగును బిగించి లాగాను. స్కేలు పెడితే 15 సెంటీమీటర్లకు ఇసుమంత తక్కువ. అదే పోగును ఈసారి నంద్యాల వంపు దగ్గర వేలితో నొక్కిపట్టి, ఆళ్ళగడ్డ దగ్గర సరిచేసి, మైదుకూరు మీదుగా రోడ్డు ఎలా పోతే అలా పరచి, ఆ తరువాత తిన్నగా సాగదీసి కొలిస్తే 19 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. మీ ఇంటిలో చదువుకునే పిల్లలుంటే ఈ పని వారి చేత చేయించండి. నాలుగు సెంటీమీటర్లు, అంటే 40 కిలోమీటర్లు, ఏ మలుపులో వచ్చి చేరాయో కంటికి కనిపిస్తుంది.

ఈ రెండు ఊళ్ళ మధ్య ఇంకా పొడవైన దారి కూడా ఒకటుంది. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సాగునీటికీ పడవల రాకపోకలకూ కలిపి తవ్వించిన కర్నూలు–కడప కాలువ తుంగభద్ర మీది సుంకేసుల దగ్గర మొదలై, నేల వాలును బట్టి వంకరలు తిరుగుతూ, సుమారు 306 కిలోమీటర్లు పారుతుంది. అది విమానాశ్రయం దగ్గర మొదలయ్యే కాలువ కాదు కాబట్టి పోలిక పూర్తిగా సరిపోదు గాని, కాకి దారి 149, కారు దారి 190, కాలువ దారి మూడు వందల పైన అని పక్కపక్కన రాసుకుంటే, దారి చెప్పకుండా దూరం ఒక్కటే చెప్పడం ఎంత అసంపూర్ణమో అర్థమవుతుంది.

ఇక కాలం సంగతి. 18 నిమిషాలు అన్నది 149 కిలోమీటర్లను గంటకు 500 కిలోమీటర్ల వేగంతో భాగించగా వచ్చిన అంకె. మన ప్రాంతీయ మార్గాలలో తిరిగే ఏటీఆర్ 72 రకం పంకాల విమానం నిలకడగా ఎగిరేటప్పుడు ఉండే వేగం దాదాపు అదే. 41 నిమిషాలు అన్న వెబ్‌సైటు జెట్ విమానం వేగాన్ని తీసుకుని, అంటే గంటకు సుమారు 800 కిలోమీటర్ల చొప్పున లెక్కించి, వచ్చిన 11 నిమిషాలకు ఎక్కడం, దిగడం కోసం ఒక అరగంట కలిపింది. ఈ రెండు వెబ్‌సైట్లకూ ఆ మార్గంలో విమానం ఉందా లేదా అన్న సంగతితో పని లేదు. ప్రపంచంలోని ఏ రెండు విమానాశ్రయాల పేర్లు ఇచ్చినా అవి అలా భాగహారం చేసి ఒక అంకె చూపిస్తాయి. మూడు గంటల పైన అన్నది రోడ్డు కాలం. మీ మేనల్లుడికి కావలసింది అదొక్కటే.

నేను ఈ రోడ్డు మీద చాలాసార్లు తిరిగాను. పోయిన నెల ఉదయం 6 గంటల 10 నిమిషాలకు ఓర్వకల్లు విమానాశ్రయం మలుపు దగ్గర బయలుదేరి, ఆళ్ళగడ్డలో టీ తాగడానికి పావుగంట ఆగి, కడప విమానాశ్రయం చేరేసరికి 9 గంటల 35 నిమిషాలయింది. వేగంగా నడిపే డ్రైవరు ఎక్కడా ఆగకపోతే మూడు గంటలలో రావచ్చు. దానికన్నా తక్కువలో చేరుస్తానని ఎవరైనా అంటే ఆ కారు ఎక్కవద్దని నా విన్నపం. ట్రాక్టర్లు ఎదురు వరుసలో రావడం, గొర్రెల మందలు రోడ్డు దాటడం, ఊరి దగ్గర మీడియన్ సందులోంచి మోటారు సైకిలు హఠాత్తుగా తిరగడం ఈ రహదారిలో రోజూ జరిగేవే. పెళ్ళి ముహూర్తానికి వచ్చేవారు నాలుగు గంటలు చేతిలో పెట్టుకుని బయలుదేరాలి.

ప్రశ్న: వెబ్‌సైటు చెప్పిన దూరం సరియైనదో కాదో మేమే సొంతంగా లెక్క కట్టి చూసుకోవడం సాధ్యమా? త్రికోణమితి కొద్దిగా వచ్చు. – ఇంటర్మీడియట్ విద్యార్థిని, కర్నూలు

జవాబు: తప్పకుండా సాధ్యమే అమ్మా. మీకు వచ్చినంత త్రికోణమితి చాలు, నిజానికి పైథాగరస్ సిద్ధాంతం ఒక్కటి ఉన్నా చాలు.

ముందుగా రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు కావాలి. ఓర్వకల్లు విమానాశ్రయం 15.72 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.16 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. కడప విమానాశ్రయం 14.51 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.77 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. అక్షాంశాల మధ్య తేడా 1.21 డిగ్రీలు, రేఖాంశాల మధ్య తేడా 0.61 డిగ్రీలు. మన ప్రాంతంలో ఒక డిగ్రీ అక్షాంశం అంటే నేల మీద సుమారు 110.6 కిలోమీటర్లు కాబట్టి, ఉత్తర దక్షిణాలుగా దూరం 133.8 కిలోమీటర్లు.

రేఖాంశం దగ్గర ఒక మెలిక ఉంది. రేఖాంశ రేఖలు భూమధ్యరేఖ దగ్గర ఎడంగా ఉండి, ధ్రువాల వైపు పోతున్నకొద్దీ ఒకదానికొకటి దగ్గరవుతాయి. భూమధ్యరేఖ మీద ఒక డిగ్రీ రేఖాంశానికి 111.3 కిలోమీటర్లుంటే, దానిని మన అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. రెండు విమానాశ్రయాల నడుమ అక్షాంశం 15.1 డిగ్రీలనుకుంటే ఆ కొసైన్ 0.9655, అంటే ఒక డిగ్రీకి 107.5 కిలోమీటర్లు. దానిని 0.61తో గుణిస్తే తూర్పు పడమరలుగా దూరం 65.6 కిలోమీటర్లు వస్తుంది. ఇప్పుడు 133.8, 65.6 అనే ఈ రెండు లంబకోణ త్రిభుజపు భుజాలు. వాటి వర్గాలను కలిపి వర్గమూలం తీస్తే 149 వస్తుంది. వెబ్‌సైటు చెప్పిన అంకె అదే.

ఆ మెలికను మరచిపోయి రెండు భుజాలనూ డిగ్రీకి 111 చొప్పున గుణించినా 150 చిల్లర వస్తుంది, పెద్ద తేడా ఏమీ కనిపించదు. మనం భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడమే దానికి కారణం. ఇదే లెక్క ఢిల్లీ దగ్గరి రెండు ఊళ్ళకు కడితే అక్కడ ఒక డిగ్రీ రేఖాంశం 98 కిలోమీటర్లే కాబట్టి తప్పు బయటపడుతుంది. అలాగే, కర్నూలు నుంచి ఢిల్లీకో, లండన్‌కో దూరం కట్టాలంటే భూమి గుండ్రదనాన్ని వదిలిపెట్టి పైథాగరస్‌తో పని నడవదు, గోళీయ త్రికోణమితి సూత్రాన్ని వాడాలి. 150 కిలోమీటర్ల లోపు దూరాలకు బల్లపరుపు లెక్కకూ గోళపు లెక్కకూ వచ్చే తేడా మన కొలతకు అందనంత స్వల్పం.

మీకు పనికివచ్చే ఇంకొక మాట. విమానాలు నడిపేవారు కిలోమీటర్లలో మాట్లాడరు, నాటికల్ మైళ్ళలో మాట్లాడతారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. ఆ వింత అంకె ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఒక డిగ్రీని 60 నిమిషాలుగా విభజిస్తే ఒక నిమిషపు అక్షాంశానికి నేల మీద ఉండే పొడవు దాదాపు అది. అందువల్ల పటం అంచున ఉన్న అక్షాంశాల గుర్తులే వారికి స్కేలుగా పనికివస్తాయి. మీ 149 కిలోమీటర్లు వారి భాషలో 80 నాటికల్ మైళ్ళు.

ప్రశ్న: కర్నూలుకూ కడపకూ రెండింటికీ విమానాశ్రయాలున్నప్పుడు వాటి మధ్య నేరుగా విమానం ఎందుకు నడపరు? నడిపితే నిజంగా ఎంత సేపు పడుతుంది? – వ్యాపారి, ప్రొద్దుటూరు

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబితే మొదటిదానికి సగం జవాబు దానంతటదే దొరుకుతుంది.

ఏటీఆర్ రకం విమానం ఓర్వకల్లులో లేచిందనుకుందాం. అది నిమిషానికి సగటున 1,200 అడుగుల చొప్పున పైకి పోతుందనుకుంటే, 15,000 అడుగులు ఎక్కడానికి పన్నెండు పదమూడు నిమిషాలు పడుతుంది, ఆలోగా 40 నాటికల్ మైళ్ళు ముందుకు సాగుతుంది. దిగేటప్పుడు ప్రతి వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్ళ దూరం కావాలన్నది పైలట్లు నోటి లెక్కగా వాడే సూత్రం. ఆ లెక్కన 15,000 అడుగుల నుంచి దిగడానికి 45 నాటికల్ మైళ్ళు కావాలి. రెండూ కలిపితే 85. మనకున్న దారి మొత్తం 80. అంటే ఆ విమానం ఆ ఎత్తు చేరకముందే దిగడం మొదలుపెట్టవలసి వస్తుంది. కాబట్టి ఏ పది వేల అడుగుల దగ్గరో ఆగి, అయిదారు నిమిషాలు మాత్రం తిన్నగా ఎగిరి, వెంటనే కిందికి ఒరగాలి. ఇటువంటి ప్రయాణంలో నిలకడ వేగంతో ఎగిరే సమయం అతి తక్కువ, నెమ్మదిగా ఎక్కే దిగే సమయమే ఎక్కువ. 18 నిమిషాలన్న భాగహారం ఇక్కడే తప్పిపోతుంది.

దానికి తోడు, కడప రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది. రన్‌వేల పేర్లు దిక్సూచి డిగ్రీలలో చివరి సున్నను తీసివేసి పెడతారు. కడప రన్‌వే 11, 29 అంటే ఒక వైపు నుంచి 110 డిగ్రీల దిక్కుకు, మరొక వైపు నుంచి 290 డిగ్రీల దిక్కుకు దిగాలన్నమాట. ఉత్తరం నుంచి వచ్చే విమానం ఆ రోజు గాలి ఎటు వీస్తుందో చూసుకుని, దానికి ఎదురుగా తిరిగి దిగాలి. ఆ తిరుగుడుకు మరో నాలుగైదు నిమిషాలు వేసుకోండి. ఎక్కడానికి ఎనిమిది తొమ్మిది, తిన్నగా అయిదు, దిగడానికి తొమ్మిది, తిరగడానికి నాలుగైదు కలిపితే గాలిలో దాదాపు 28 నిమిషాలు. ఇక టికెట్టు మీద వేసే కాలం గాలిలో ఉన్న కాలం కాదు. చక్రాలకు అడ్డం పెట్టిన దిమ్మెలు తీసినప్పటి నుంచి, చేరిన చోట మళ్ళీ దిమ్మెలు పెట్టేదాకా లెక్కిస్తారు. విమానం నేల మీద రన్‌వే దాకా నడవడం, దిగాక టెర్మినల్ దాకా రావడం అందులో చేరి, మొత్తం 35 నుంచి 40 నిమిషాలవుతుంది. ఏదైనా ఆలస్యం జరిగితే సర్దుకోవడానికి సంస్థలు మరికొన్ని నిమిషాలు కలిపి వేసినా ఆశ్చర్యం లేదు.

కాని ప్రయాణికుడికి కావలసింది ఇదీ కాదు. మన భాషలో దానికి చక్కటి మాట ఉంది: గడప నుంచి గడపకు. కర్నూలు ఇంటి గడప దాటి ఓర్వకల్లు చేరడానికి అరగంట. కౌంటరు గంట ముందే మూసివేస్తారు కాబట్టి అక్కడ కనీసం గంటంబావు. గాలిలోనూ నేల మీదనూ కలిపి 40 నిమిషాలు. విమానం ఆగాక వెనక తలుపు నుంచి మెట్లు దిగి, ముందు భాగంలోని సామాన్ల గది నుంచి పెట్టె బయటికి వచ్చేదాకా నిలబడడానికి పావుగంట. అక్కడి నుంచి కడప ఊరిలోని ఇంటి గడప తొక్కడానికి మరో అరగంట. మూడు గంటల పది నిమిషాలు. అదే కర్నూలు నుంచి కడపకు కారులో మూడున్నర గంటలు. ఇరవై నిమిషాల ఆదా కోసం విమానం టికెట్టు ఎందరు కొంటారన్నది మీరు వ్యాపారస్తులు కాబట్టి నాకన్నా బాగా లెక్కించగలరు. నలుగురు కలిసి వెళ్ళేటట్లయితే కారు ఖర్చు ఒకటే, టికెట్లు నాలుగు.

మిగిలిన సగం జవాబు ప్రభుత్వ పథకంలో ఉంది. చిన్న ఊళ్ళకు విమానాలు నడపడం కోసం 2016లో కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం, సగం సీట్లను గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయల హద్దులో అమ్మితే, వచ్చే నష్టంలో కొంత ప్రభుత్వం భరించే పద్ధతి మీద నడిచింది. ఆ పథకం మొదలైనప్పుడు 200 నుంచి 800 కిలోమీటర్ల మధ్య ఉన్న మార్గాలనే తీసుకున్నారు. కొండ ప్రాంతాలకు, ద్వీపాలకు, మారుమూల ప్రదేశాలకు, భద్రతాపరంగా సున్నితమైన ప్రాంతాలకు మాత్రమే కింది హద్దు సడలించారు. కర్నూలు–కడప 149 కిలోమీటర్లు కాబట్టి ఆ హద్దుకు లోపలే ఆగిపోతుంది. కడప–హైదరాబాదు గాలి దారి సుమారు 304 కిలోమీటర్లు. 2017 ఏప్రిల్ 27న ప్రధానమంత్రి జెండా ఊపి ప్రారంభించిన తొలి ఉడాన్ విమానాలలో ఆ మార్గం ఒకటి. ఈ కింది హద్దు పెట్టినవారు తెలివితక్కువగా పెట్టారని నేను అనుకోను. మంచి రోడ్డు ఉన్న చోట 150 కిలోమీటర్లకు విమానం నడిపి, ఆ నష్టాన్ని ప్రజల సొమ్ముతో పూడ్చడం కన్నా, ఆ డబ్బుతో ఈ రెండు ఊళ్ళనుంచీ దూరపు నగరాలకు వారంలో మరో రెండు రోజులు విమానం నడిపితే సీమ వాసులకు ఎక్కువ మేలు.

వేరే నగరం మీదుగా మారి వెళ్ళవచ్చా అని కొందరు అడుగుతుంటారు. బెంగళూరు మీదుగా లెక్కిస్తే ఓర్వకల్లు నుంచి దేవనహళ్ళికి సుమారు 283, అక్కడి నుంచి కడపకు 185, మొత్తం 468 కిలోమీటర్లు గాలిలో తిరిగి, మధ్యలో రెండో విమానం కోసం గంటల తరబడి కాచుకొని, 149 కిలోమీటర్ల దూరంలోని ఊరికి చేరాలి. చెన్నై మీదుగా అయితే దాదాపు 600 కిలోమీటర్లు. బయలుదేరిన రోజునే చేరతారన్న భరోసా కూడా ఉండదు. రైలు మేలంటారేమో, కర్నూలు నుంచి రైలు డోన్, గుత్తి, తాడిపత్రి, యర్రగుంట్ల మీదుగా పడమటి వైపు చుట్టి వస్తుంది. రాత్రి నిద్రలో వెళ్ళేవారికి అది సుఖమే గాని, త్వరగా చేరే దారి కాదు.

ప్రశ్న: మాది ఆళ్ళగడ్డ. వయసు మళ్ళిన మా అమ్మగారిని విమానంలో తీసుకువెళ్ళవలసి ఉంది. మాకు ఓర్వకల్లు దగ్గరా, కడప దగ్గరా? అలాగే అనంతపురంలో ఉంటున్న మా చెల్లెలికి ఏ విమానాశ్రయం దగ్గరో కూడా చెప్పగలరు. – గృహిణి, ఆళ్ళగడ్డ

జవాబు: అమ్మా, మీ ఊరు ఒక విచిత్రమైన చోట ఉంది. ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి నంద్యాలకు 54 కిలోమీటర్లు, నంద్యాల నుంచి మీ ఊరికి 40 పైచిలుకు. అటు కడప విమానాశ్రయం కూడా మీకు ఇంచుమించు అంతే దూరం. రెండు వైపులా 95 కిలోమీటర్లని, గంటన్నర నుంచి గంటా ముప్పావు పడుతుందని అనుకోండి. పటం మీద నేను గీసిన నూలు పోగుకు కూడా మీ ఊరు అయిదారు కిలోమీటర్ల దూరంలోనే, సరిగ్గా నడుమ ఉంది. విమానం నడిస్తే మీ ఊరికి పడమటి ఆకాశంలో, నరసింహారెడ్డి పుట్టి పెరిగిన ఉయ్యాలవాడ ప్రాంతం దరిదాపుల్లో నుంచి పోతుంది.

దూరం సమానం కాబట్టి మీరు చూడవలసింది విమానాన్ని. ఇటువంటి చిన్న విమానాశ్రయాలలో అన్ని ఊళ్ళకూ అన్ని రోజులూ విమానాలుండవు. మీరు వెళ్ళే నగరానికి ఆ వారంలో ఎక్కడి నుంచి ఏ రోజున ఉందో ముందు చూసి, ఆ తరువాత మాత్రమే కారు ఎటు తిప్పాలో నిర్ణయించుకోండి. ఒకవేళ రెండు చోట్ల నుంచీ ఉంటే, పెద్దవారితో వెళుతున్నారు కాబట్టి ఘాట్ రోడ్డు లేని కడప వైపే వెళ్ళండి. టికెట్టు కొనేటప్పుడే చక్రాల కుర్చీ కావాలని రాయించండి. ఏటీఆర్ మెట్లు ఎక్కువేమీ ఉండవు గాని సన్నగా, నిటారుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవారు ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కాలి కాబట్టి, రెండో చేతిలో సంచి పెట్టవద్దు. మీకన్నా కిందికి, మైదుకూరు, ప్రొద్దుటూరు వారికి కడపే దగ్గర. పైన నంద్యాల, బనగానపల్లె వారికి ఓర్వకల్లే దగ్గర.

అనంతపురం పట్టణానికి సొంత విమానాశ్రయం లేదు. పుట్టపర్తిలో 1990 నవంబరులో ప్రారంభమైన శ్రీ సత్యసాయి విమానాశ్రయం అక్కడికి రోడ్డు మీద 80 కిలోమీటర్ల పైన ఉంది గాని, అది ప్రైవేటు యాజమాన్యంలోనిది, మామూలు టికెట్టు విమానాల కోసం దాని మీద ఆధారపడలేము. పుట్టపర్తికీ కడపకూ గాలి దారి సుమారు 113 కిలోమీటర్లే అయినా ఆ అంకె మీ చెల్లెలికి ఏ విధంగానూ ఉపయోగపడదు. ఆమెకు పనికివచ్చేది 44వ నంబరు జాతీయ రహదారి. అనంతపురం నుంచి దక్షిణంగా బయలుదేరితే బెంగళూరు ఊరిలోకి దిగనక్కరలేకుండా, దాదాపు 180 కిలోమీటర్ల దగ్గర, దేవనహళ్ళిలోని కెంపెగౌడ విమానాశ్రయం ఆ రహదారి పక్కనే వస్తుంది. మూడు గంటల దారి. ఓర్వకల్లు అనంతపురానికి అంతకన్నా దగ్గరే గాని, దేవనహళ్ళి నుంచి దేశంలోని ఏ పెద్ద నగరానికైనా రోజుకు ఎన్నో విమానాలుంటాయి, ఒకటి తప్పితే మరొకటి దొరుకుతుంది. ఆ ఒక్క కారణం చాలు. తెల్లవారుజామున విమానమైతే ముందు రాత్రే బయలుదేరమనండి. పెనుకొండ దాటాక చలికాలంలో ఆ రోడ్డు మీద మంచు కమ్ముతుంది.